ఎడమ చేతి అతుకు

మేస్త్రి ఈ సోమవారం ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు నల్లగొండ దవాఖానలో చనిపోయారు. వయసు అరవై ఎనిమిది. నాలుగు నెలల్లో ఇది రెండో పక్షవాతం. అప్పటికి ఆయన వెతుకుతున్న ట్రాక్టరు దొరకలేదు.

ఆ ట్రాక్టరు సంగతి ఆయన్ను ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. తెలియని పాఠకుల కోసం మొదటి నుంచి చెబుతాను.

హాలియా దాటాక రోడ్డుకు కుడిపక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా మేస్త్రి అక్కడ పాత ట్రాక్టర్ల వెనుక భాగం మాత్రమే బాగుచేశారు. ఇంజను పని అడిగితే ఎదుటి షెడ్డు చూపించేవారు. "ముందటి పని చానమందికి వస్తది. ఎనక పనికి ఓపిక గావాలె," అనేవారు. కంపెనీ తయారీ ఆపేసిన బండ్లు, దుకాణాల్లో సామాను దొరకని బండ్లు ఆయన దగ్గరికి వచ్చేవి. కొన్నిటిని మరో ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చేవారు. మేస్త్రి మొదట బండి నడిపించి చూసేవారు. నడవని బండయితే వెనుక చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పేవారు. మూరెడు కర్ర ఒక కొస వెనుక చక్రాల మధ్య ఉండే ఇనుప పెట్టెకు, అంటే హౌజింగ్‌కు, రెండో కొస చెవికి ఆనించి వినేవారు. రైతు ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేవారు. "ఫస్టు ఇననియ్యి. ఇన్నంక చెయ్యి పెడ్త."

తెలంగాణ వచ్చిన ఏడాది నేను విలేకరిగా హాలియాలో చేరాను. షెడ్డు వెనుక గది కిరాయికి తీసుకున్నాను. మూడో నెలలోనే మేస్త్రి నన్ను పిలిచి ఆ రోజు పేపరు ముందు పెట్టారు. ట్రాక్టరు ట్రాలీ బోల్తా పడిన వార్త అది. డ్రైవరు నిర్లక్ష్యం వల్ల అని రాశాను.

"బ్రేకు చూసినవా తమ్మీ?"

చూడలేదన్నాను.

"యాక్సిలు?"

అదీ చూడలేదు.

"మరి పిలగాని మీద ఎట్ల రాసినవ్? ఆడు రేపు ఎవలికి మొకం చూపెట్టాలె?"

మేమిద్దరం నా బైకు మీద వెళ్ళి ఆ ట్రాక్టరును చూశాం. ఎడమ యాక్సిలు సీలు తెగి నూనె బ్రేకు పట్టీల్లోకి దిగింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు, అది పట్టలేదు. మర్నాడు దిద్దుబాటు వేశాం. ఆ తర్వాత పదేళ్ళలో నేను 'నిర్లక్ష్యం' అనే మాట రాసేముందు ఎవరినో ఒకరిని వెళ్ళి అడిగాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే.

ఇక అతుకు గురించి. మేస్త్రి నారాయణపేటలో మగ్గం ఇంట్లో పుట్టారు. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా చీరలు నేశారు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు దారాలను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతారు. దాన్నే అతకడం అంటారు. వేల దారాలు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక్క రుద్దు, మళ్ళీ ఇంకో దారం. ఆయన కుడిచేతి వేళ్ళు నేర్చిన మొదటి పని అది.

ట్రాక్టరు వెనుక హౌజింగ్‌లో ఇంజను బలాన్ని చక్రాలకు మళ్ళించే, పళ్ళున్న పెద్ద చక్రం ఉంటుంది. షెడ్లలో దాన్ని క్రౌను అంటారు. ఆయన చేసిన పాత బండ్లలో క్రౌనును పది బోల్టులు పట్టి ఉంచుతాయి. బోల్టు తలలకు సన్న రంధ్రాలు ఉంటాయి. రెండేసి బోల్టులను కలిపి ఆ రంధ్రాల్లోంచి ఇనుప తీగ పోసి మెలిపెడతారు. తీగ సరైన పక్క నుంచి వస్తే, బోల్టు వదులు కాబోయినప్పుడు దాన్ని బిగువు వైపే లాగి పట్టుకుంటుంది. ఎదురు పక్క నుంచి వస్తే బోల్టుతోపాటు తానూ వదులవుతుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మిగతాచోట్ల ఈ పనిని లాకింగ్ అంటారు. మేస్త్రి అతుకు అన్నారు. ఆయన మాట పట్టుకొని హాలియా దుకాణాల్లో ఇప్పటికీ "అతుకు తీగ" అనే అడుగుతారు.

ఆ పని ఆయన చూడకుండా చేసేవారు. క్రౌనును స్టూలు మీద పెట్టుకొని, ఎదురుగా కూర్చున్నవాళ్ళతో వానల గురించి మాట్లాడుతూ అయిదు తీగలూ మెలేసేవారు. ఆయన అతుకు వేశాక మరొకరు చూడటం అనే ఆచారం ఆ షెడ్డులో లేదు. చూస్తే ఆయన్ను అనుమానించినట్టు అవుతుందని అందరూ అనుకునేవారు.

పోయిన వానకాలం నాట్లు జోరు మీద ఉన్నప్పుడు మేస్త్రికి మొదటిసారి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది. ఆరు రోజులు నల్లగొండ దవాఖానలో ఉంచి ఇంటికి పంపారు. మర్నాడు ఉదయం ఆరున్నరకు చూడటానికి వెళ్ళాను. ఇల్లు షెడ్డు పక్కనే. ఆయన భార్య ఇద్దరికీ చాయ్ ఇచ్చారు. మేస్త్రి గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నారు.

"ఎడమచేత్తో మంచిగనే పట్టుకుంటుండు అక్కా," అన్నాను.

"ఎందుకు పట్టుకోడు? దవాఖానకు పోకముందు పది రోజుల సంది గదే చెయ్యి. కుడిచేతికి తిమ్మిరి పట్టిందంటడు, పానా జారుతుందంటడు. దవాఖానకు పోదాం పా అంటే ఇన్నడా? పైనుంచి డాక్టరుకు నిన్ననే మొదలైందని సెప్పిండు. ముసలోనికి అబద్ధం ఒకటి."

నేను నవ్వాను. మేస్త్రి నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి ఏదో అడిగారు. మాట ముద్దగా వస్తోంది. మూడోసారికి 'దారం' అని అర్థమైంది. ఆమె కొంగు కుచ్చులోంచి ఒక పోగు తెంపి ఇచ్చారు. ఆయన కిటికీ దగ్గరికి జరిగి రెండు చువ్వలకు కలిపి ఎడమ చేత్తో ఆ పోగు చుట్టారు. చూశారు. విప్పి, మొహం పక్కకు తిప్పుకొని మళ్ళీ చుట్టారు. మళ్ళీ చూశారు. రెండుసార్లూ దారం ఎదురు పక్క నుంచే వచ్చింది.

"తమ్మీ," అన్నారు. ఆ మాట స్పష్టంగానే వచ్చింది. "బండ్లు ఆపాలె."

చేతికి తిమ్మిరి పట్టాక ఆయన క్రౌను విప్పి బిగించిన బండ్లు మూడు. మొదటిది హాలియా పక్క ఊరి రైతుది. ఆ రైతు రోజూ ఉదయం ట్రాలీలో నాటు కూలీలను ఎక్కించుకొని కాల్వ కట్ట మీదుగా పొలానికి తీసుకెళ్తాడు. ఫోను చేశాం. మోగింది, ఎత్తలేదు. ట్రాక్టరు మీద ఉన్న మనిషికి ఫోను వినపడదు. అప్పటికి ఏడు కావస్తోంది.

ఎదుటి షెడ్డు వెల్డరు ఇరవై ఏళ్ళుగా మేస్త్రికి జోడీ. అతన్ని నా బైకు వెనక ఎక్కించుకొని కట్టకు బయలుదేరాను. దారిలో అతను నా చెవిలో అరిచి చెప్పిన విషయం ఇది: బోల్టులు ఊడి బయటికొస్తే క్రౌను హౌజింగ్‌లో ఇరుక్కుంటుంది. వెనుక చక్రాలు రెండూ ఒక్కసారిగా పట్టేస్తాయి. వెనుక ట్రాలీ నెడుతూనే ఉంటుంది. కట్ట వెడల్పు ఒక ట్రాక్టరుకు, ఒక మనిషికి సరిపోతుంది. కాల్వ నిండుగా పారుతోంది.

ఏడుంబావుకు వాళ్ళను కట్ట మీద అందుకున్నాం. పొలాల వైపు కొస నుంచి ఎదురొచ్చి బైకు అడ్డం పెట్టాను. ట్రాలీలో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఉన్నారు. రైతు ఇంజను ఆపలేదు.

"ఏందన్నా, పొద్దుగాల్నే ఫోటో దీస్తవా?" అని ట్రాలీలోంచి ఒకామె అడిగింది. "జర ఆగు, కొంగు సదురుకుంటం." మిగతావాళ్ళు నవ్వారు.

వెల్డరు దిగి రైతుకు సంగతి చెప్పాడు. రైతు వినిపించుకోలేదు.

"నిన్న తిరిగింది, మొన్న తిరిగింది. గియ్యాల ఏమైతది? నారు ముదురుతుంది. మూడు రోజుల సంది కూలోళ్ళ కోసం కాళ్ళు మొక్కిన. నాటు మీ మేస్త్రి వచ్చి ఏస్తడా?"

నేను మేస్త్రికి ఫోను కలిపి రైతు చెవి దగ్గర పెట్టాను. రైతు రెండు క్షణాలు విని మొహం చిట్లించాడు.

"తాగిండా ఏంది? గిట్ల మాట్లాడుతుండు?"

అవతల ఫోను చేతులు మారింది. మేస్త్రి భార్య గొంతు ఇంజను మోతలోనూ మాకు వినిపించింది.

"అన్నా, ఆయన తాగలె. పక్షవాతమొచ్చింది. నోరు తిరుగుతలేదు. ఒక్కటే మాట అంటుండు, నేను తప్పు జేసిన అంటుండు. ముప్పై అయిదేండ్ల కాపురంల గా మాట నేను ఆయన నోట ఇన్లే. నువ్వు బండి ఆపు."

రైతు ఫోను నాకు ఇచ్చేశాడు. స్టీరింగు మాత్రం వదల్లేదు. ట్రాలీలో అందరికంటే పెద్దావిడ ఈలోపల లేచి నిలబడింది.

"మేస్త్రి అన్నడంటే ఉంటది. దిగుండ్రి పిల్లలారా. నడిస్తే కాళ్ళు అరగయి."

"నడిచేవరకు ఎండెక్కుతది అవ్వా," అన్నది ఫోటో గురించి అడిగినామె.

"ఎండెక్కితే నల్లబడుతవ్. కాల్వల బడితే ఏమైతవో సెప్పు."

పద్దెనిమిది మందీ ఒక్కొక్కరుగా దిగారు. రైతు ఇంజను ఆపేశాడు. చక్రాలకు రాళ్ళు పెట్టాం. మధ్యాహ్నానికి మరో ట్రాక్టరు తెచ్చి, ట్రాలీ విప్పి, ముందువైపు తాడు కట్టి, నడక వేగంతో షెడ్డుకు చేర్చాం.

మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. వెల్డరు హౌజింగ్ విప్పాడు. అయిదు తీగల్లో మూడు ఎదురు పక్క నుంచి ఉన్నాయి. రెండు బోల్టులు వేళ్ళతో తిప్పితే తిరిగాయి. హౌజింగ్ లోపలి గోడ మీద బోల్టు తల రాసుకున్న కొత్త గీత ఒకటి, బెత్తెడు పొడవున, మెరుస్తోంది. మేస్త్రి ఎడమ చేత్తో ఆ గీతను తడిమి చూశారు. తర్వాత రైతు వైపు తిరిగి ఒక్కో మాటా కూడదీసుకొని అన్నారు: "బండిది తప్పులేదు. నాది."

రైతు కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు.

రెండో బండి కట్టంగూర్ రైతుది. మర్నాడే అక్కడికి వెళ్ళి పొలం దగ్గరే విప్పాం. అయిదు తీగలూ సరిగ్గా ఉన్నాయి. ఫోనులో చెబితే మేస్త్రి నమ్మలేదు. "ఏ పక్కకెళ్లి చూసినవ్? ఆ పక్కకెళ్లి చూడు," అని భార్యతో అడిగించారు. అటు నుంచీ చూశాం. సరిగ్గానే ఉన్నాయి. ఆ రోజు కుడి చెయ్యి కాస్త పనిచేసి ఉండాలి. ఇది శుభవార్తే అయినా ఆయనకు అలా అనిపించలేదు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. మూడోది తప్పో ఒప్పో చెప్పడానికి ఇక ఆధారం లేదు.

ఆ మూడో బండి ఎవరిదో ఆయనకు తెలియదు. మనుషుల పేర్లు అడగడం ఆయన అలవాటు కాదు. బండి గుర్తుంటే చాలనుకునేవారు. బండి మాత్రం పూర్తిగా గుర్తుంది: నీలం రంగు, ఎడమ మడ్గార్డుకు సొట్ట, స్టీరింగుకు సైకిలు ట్యూబు చుట్టి ఉంది, రెండో గేరులో సన్నగా ఏడుపు. మనిషి దేవరకొండ దిక్కు మాట మాట్లాడాడు. అంతే. ఆ గుర్తులతో నేను పేపర్లో నాలుగు వాక్యాలు రాశాను. దుకాణాల వాళ్ళకు చెప్పాను. ఫోనులు వచ్చాయి. అయిదు నీలం ట్రాక్టర్లు చూశాం. ఏదీ అది కాదు.

అప్పటి నుంచి మేస్త్రి రోజూ ఉదయం రోడ్డు వారన కుర్చీ వేయించుకొని కూర్చున్నారు. ట్రాక్టరు వచ్చే శబ్దం వినగానే కళ్ళు మూసుకునేవారు. అది దాటిపోయాక తెరిచేవారు. వరి కోతలు అయ్యాయి, వడ్ల ట్రాలీలు పోయాయి, పత్తి ట్రాలీలు మొదలయ్యాయి. లోపలికి రమ్మంటే వచ్చేవారు కాదు.

"ఇంకెన్ని రోజులు కూసుంటవ్?" అని భార్య ఒకసారి గట్టిగానే అడిగారు. "అది ఈ రోడ్డుకు రాకపోతే?"

"వస్తే నేను ఈడ లేకుంటే?" అన్నారు ఆయన.

షెడ్డులో పని వెల్డరు, మరో మెకానిక్కు చూసుకున్నారు. మేస్త్రి పెట్టిన కొత్త నియమం ఒకటే: అతుకు వేసినవాడు పక్కకు తప్పుకోవాలి, వేయనివాడు వచ్చి చూడాలి. తర్వాతే హౌజింగ్ మూయాలి. మొదటి రోజు వెల్డరు మొహమాటపడ్డాడు. "నా ముప్పై ఏండ్ల పని మీరు ఎవలు చూడలె. గందుకే గిట్లయింది," అన్నారు మేస్త్రి. నేను ఎరిగినంతలో ఆయన ఇతరులను తప్పుపట్టింది ఆ ఒక్కసారే. అందులోనూ సగం తననే అనుకున్నారు.

ఆదివారం సాయంత్రం కుర్చీలో ఉండగానే రెండోసారి పక్షవాతం వచ్చింది. తెల్లవారేసరికి పోయారు.

మంగళవారం హాలియా చౌరస్తాలో రైతులు ఆయన ఫోటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. నిన్న, గురువారం, పదిన్నరకు ఒక నడివయసు మనిషి షెడ్డు ముందు దిగాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆటోల పోతుంటే ఫోటో చూసిన. పెద్దమనిషి నా బండి చేసిండు నాట్లప్పుడు. ఇంట్లోళ్ళకు ఒక మాట చెప్పి పోదామని," అన్నాడు.

వెల్డరు చేతిలో పానా కింద పెట్టాడు. "ఏం రంగు బండి?"

"నీలం."

"స్టీరింగుకు ట్యూబు?"

"ఉన్నది. ఏమాయె?"

"సప్పుడు ఏమన్న వస్తుందా?"

"పాత బండి, సప్పుడు రాకుంట ఉంటదా? వారం సంది దిగుడుల మాత్రం టక్ టక్ అంటుంది. ఎప్పటిదే అనుకున్న."

"బండి ఏడున్నది?"

"తమ్ముడు తోలుతుండు. పత్తి ఏసుకొని మిల్లుకు పోయిండు."

ఆ మాటకు మేస్త్రి భార్య ఇంట్లోంచి వాకిట్లోకి వచ్చారు. ఫోను చెయ్యమన్నారు. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి చేయబోతుండగా అవతలి నుంచే వచ్చింది. తమ్ముడు బండి ఆపి, చాయ్ తాగుతూ చేస్తున్నాడు. దేవరకొండ రోడ్డులో గుట్ట మీద ఉన్నాడు. అక్కడి నుంచి దిగుడు మొదలవుతుంది.

"చాయ్ తాగు," అన్నాడు అన్న. "ఇంకోటి తాగు. బండి మాత్రం ఎక్కకు."

వెల్డరు ఆ పూటే వెళ్ళి చూసి వచ్చాడు. లాక్కెళ్ళడం కూడా మంచిది కాదని, ఉన్నచోటే విప్పాలని నిర్ణయించాడు. పత్తి వేరే బండికి మార్చారు. తమ్ముడు రాత్రి ఇంటికి పోనన్నాడట, బండి దగ్గరే ఉన్నాడు.

ఈ రోజు, శుక్రవారం, ఇంట్లో ఒక చిన్న గొడవ జరిగింది. తానూ గుట్టకు వస్తానని మేస్త్రి భార్య అన్నారు. దినాలు కాకముందే గడప దాటకూడదని మరిది అడ్డుచెప్పాడు.

"నారాయణపేటల పదేండ్లప్పటి సంది పడుగులతికిన," అన్నారామె. "అతుకు ఏ దిక్కు తిరిగిందో ఆయన తర్వాత నాకే తెలుస్తది. తప్పయితే నేను ముందు చూడాలె. ఒప్పయితే ఆయన నాలుగు నెలలు ఊకెనే కుమిలిండని గదన్న నాకు తెల్వాలె. గది తెల్వకుంట దినాలు ఎట్ల జెయ్యాలె?"

మరిది గడపకు అడ్డం తప్పుకున్నాడు.

రేపు, శనివారం, ఉదయం ఏడు గంటలకు వెల్డరు రెండు జాకీలు, కట్టె మొద్దులు, పానాల సంచీ ఆటోలో వేసుకొని హాలియా నుంచి బయలుదేరతాడు. మేస్త్రి భార్య అదే ఆటోలో వెళ్తారు. తొమ్మిదికి గుట్ట చేరాలి. హౌజింగ్ విప్పడానికి మూడు గంటలు పడుతుందని వెల్డరు అంచనా. తీగలు బయటపడగానే అతను పక్కకు తప్పుకుంటాడు. ఆమె ముందుకు వచ్చి చూస్తారు.